సువార్త మేడం వేసుకున్న గోళీలు

కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంపుకు అటువైపు గడ్డం ఆనించి కూర్చున్న ముసలమ్మ ఊపిరి నా ముఖానికి తగిలింది. అడ్డచుట్ట వాసన. మా కొండల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ పొగ చీరకూ జుట్టుకూ చివరికి మాటకూ పట్టేసి ఉంటుంది. బయట వాన వెలిసింది, అరకు సంత రోజు, వరండా నిండా తడిసిన గొడుగులు. కిటికీ మూసిన చీకటి గదిలో ఆ ఘాటుకు తల వెనక్కి తీసుకోబోయి ఆగిపోయాను. "ముక్కు మూసుకోకే గుంటా. ఆ వాసన కూడా పరీక్షలో బాగమే" అన్న గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. ఆ గొంతు గల మనిషి పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆమెను ఎరగని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎరిగిన వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వాళ్ళలో సగం మంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే.

సువార్త మేడం సాలూరు మనిషి. అక్కడి మిషన్ స్కూలు ఆవరణలో పుట్టి పెరిగారు. వాళ్ళ నాన్నగారు ఆ స్కూల్లోనే లెక్కల మాస్టారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరి, ఏజెన్సీలో జీపు వెళ్ళే ఊళ్ళూ వెళ్ళని ఊళ్ళూ తిరిగారు. రిటైరయ్యాక సాలూరులో చెల్లెలి ఇంట్లో కూర్చోలేక, ఒక ట్రస్టు వాళ్ళు అరకులోయలో పెట్టిన చిన్న కంటి కేంద్రానికి ఇంచార్జిగా వచ్చారు. పొడుగు మనిషి. గంజి పెట్టిన నేత చీర, కింద కాన్వాసు బూట్లు. గొంతు ఎంత పెద్దదంటే, ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే హార్మోనియం వాయించేవాడు శ్రుతి మార్చుకోవాల్సిందే. నేను డుంబ్రిగుడ అవతలి ఊరి అమ్మాయిని. విశాఖలో టెక్నీషియన్ కోర్సు చదివి, మొదటి ఉద్యోగంగా ఆమె దగ్గర చేరాను.

చేరిన కొత్తలోనే చూశాను, ఆమె దేనికి లొంగరో. ఒక కాఫీ రైతును కొడుకు తీసుకొచ్చాడు. కంట్లో ఒత్తిడి పెంచే నీటికాసుల జబ్బు ముదిరి, కంటి నరం ఎండిపోయింది. ఇక చూపు తిరిగి రాదు. కొడుకు తండ్రి వెనక నిలబడి, రెండు చేతులూ జోడించి, తగ్గిపోతుందని చెప్పమన్నట్టు మేడంకు సైగలు చేస్తున్నాడు. మేడం ఆ సైగలు చూసీ చూడనట్టు, పెద్దాయన చేయి పట్టుకుని అతని భాషలోనే చెప్పారు. పోయిన చూపు రాదని, మిగిలిన ఆ కాస్త వెలుగూ నిలవాలంటే చుక్కల మందు మానకూడదని. పెద్దాయన, "నిజం సెప్పీసినావు. ఇంక తోట సంగతి సూసుకుంటాను" అని లేచాడు. వాళ్ళు వెళ్ళాక కొడుకు మీద నాకు జాలి కలిగింది. ఆ మాటే అన్నాను. "వాడి మీద నాకూ జాలే. కానీ కన్ను ఎవల్ది? దాని సంగతి ముందు ఎవలికి తెలవాలి?" అన్నారు మేడం. అంతే, తర్వాత పేషెంటును పిలిచారు.

అలాంటి మనిషి ఉన్న చోటికి, ఒక ఏడాది కాఫీ పూత రాలిన రోజుల్లో, రమణబాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడకు చిన్న మైకు, మోటారు సైకిలు వెనక స్పీకరు. సంతలో తెల్లటి సీసాలు వరసగా పేర్చి, "ఇనుముకి తుప్పు పట్టినట్టు కంటికీ తుప్పు పడతాదమ్మా! యాంటీ ఆక్సిడెంటు అంటే ఏటి? ఆ తుప్పుని తినీసే మందు. క్యారెట్లో ఉన్న సత్తువంతా గోళీలో దిగ్గొట్టారు. పొరైనా, మసకైనా, శుక్లమైనా లోపల్నుంచి కడిగీస్తాది. కత్తి లేదు, సూది లేదు!" అని చెప్పేవాడు. వినసొంపుగా చెప్పేవాడు. జనం మధ్య నేనూ నిలబడి విన్నాను. మేడం ఒక సీసా తెప్పించి నా చేతికిచ్చి, "సదువు, లోపల ఏటేటి ఉన్నాయో" అన్నారు. విటమిన్ సి, ఇ, జింకు, బీటా కెరోటిన్ అని చదివాను. బీటా కెరోటిన్ దగ్గర చేయెత్తి ఆపారు. "తుప్పు మాట పూర్తిగా అబద్దం కాదు. అందుకే జనం నమ్ముతన్నారు. వొట్టి అబద్దమైతే ఒక్క సంతకే సచ్చిపోయేది" అన్నారు.

ఆ అబద్ధం చావలేదు. శుక్లం ఆపరేషన్లకు కొండ దిగే మా బస్సు పలచబడింది. పేరిచ్చిన వాళ్ళు బస్సు వచ్చే రోజుకు పొలంలోకి వెళ్ళిపోయేవారు. ఇదే అదనన్నట్టు ట్రస్టు మేనేజరు విశాఖ నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు, నెమ్మదిగా మాట్లాడతాడు. "మేడం, జనం ఎలాగూ కొంటున్నారు. ఆ మైకువాడి దగ్గర కొనే బదులు మన దగ్గర కొంటారు. అరవై దాటిన ప్రతివాళ్ళకీ కళ్ళజోడుతో పాటు ఒక సీసా రాయండి. ఇదే మందు, మంచి ప్యాకింగు. విటమిన్లే కదా, నష్టమేముంది?" అన్నాడు.

"నష్టమేటో సెప్పమంటారా?" అని మేడం కుర్చీ వెనక్కి నెట్టారు. "గోళీని నమ్మినోడు ఆపరేషనుకి రాడు. శుక్లాన్ని ఏ గోళీ కరిగించదు. అదొకటి. చుట్ట కాల్చేవోళ్ళు ఈ బీటా కెరోటిన్ రోజూ మింగితే ఊపిరితిత్తుల్లో కేన్సరు వొచ్చే ముప్పు పెరుగుతాది. అది రెండు."

"అందరూ కాల్చరు కదా మేడం."

ఆమె లేచి వెళ్ళి వరండా తలుపు బార్లా తీశారు. బల్లల మీద కూర్చున్న ముసలివాళ్ళు తలలు తిప్పి చూశారు. సగం నోళ్ళలోంచి పొగ వస్తోంది. మేనేజరు చూపు దించుకున్నాడు. "నేనున్నంతవరకు ఈ గుమ్మం లోపలికి ఆ సీసా రాదు. వొచ్చిన రోజు నేను ఉండను" అన్నారు మేడం. ఆ మాట వరండాలో అందరికీ వినబడింది. వినబడాలనే అన్నారని నా అనుమానం.

సుక్రి అనే ముసలమ్మ మాకు ఆ రోజుల్లోనే తగిలింది. డుంబ్రిగుడ పైన కొండవాలు ఊరు ఆమెది. రెండు కళ్ళలోనూ శుక్లం బాగా ముదిరి, పగలూ రాత్రీ తేడా మాత్రమే తెలిసేది. కొడుకు దొమ్ము ఆమెను వీపు మీద మోసుకొచ్చి ఆపరేషనుకు పేరిచ్చాడు. తీరా బస్సు వచ్చిన రోజు ఇద్దరూ లేరు. మేడం ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు ఎక్కారు. ఇంటి చూరుకు వేలాడే సంచిలో తెల్లటి సీసా కనిపించింది.

"నాయ్, నాయ్. కత్తి పెడితే గుడ్డు రాలిపోద్దంట. ఈ గోళీ మింగితే సాలంట" అని సుక్రి మొహం తిప్పుకుంది.

"మొన్న మంచి ఎండలో చెయ్యి ఆడిస్తే తెలిసిందంటంది మేడం" అన్నాడు దొమ్ము ఆశగా.

"ఎండలో తెలుస్తాదిరా. అది గోళీ గొప్ప కాదు, సూరీడి గొప్ప" అన్నారు మేడం. రాగి అంబలి తాగి, సుక్రి పక్కనే చాప మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా బతిమాలారు, కసిరారు, మళ్ళీ బతిమాలారు. ముదిరిన శుక్లం కంట్లో ఉబ్బితే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుందని, అప్పుడు చూపు చేతికి దొరకదని అరచేతులు కలిపీ విడదీసీ చూపించారు. సుక్రి వినలేదు. దిగి వస్తుంటే దారిలో మేడం రెండుసార్లు రాళ్ళకు తట్టుకున్నారు. అలసిపోయారనుకుని చేయి అందించాను. కాసేపు పట్టుకుని, వదిలేశారు.

వానలు పట్టుకున్నాక ఒక ఉదయం దొమ్ము తల్లిని మోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. సుక్రి తల పట్టుకుని మూలుగుతోంది, దారంతా వాంతులు. కుడికన్ను ఎర్రగా ఉబ్బింది. రెప్ప మీద వేలు పెట్టి చూస్తే గుడ్డు రాయిలా ఉంది. మేడం చెప్పిన ముప్పు అక్షరాలా వచ్చేసింది. మేడం చేతనైన మందులు వేసి, జీపు పిలిపించి, ఘాటీ రోడ్డు దింపి విశాఖ తీసుకెళ్ళారు. వెనక సీట్లో సుక్రి తల నా ఒళ్ళో ఉంది. ప్రతి మలుపుకూ ఆమె అరుపు. డాక్టర్లు నొప్పి తగ్గించగలిగారు, కుడికంటి చూపు మాత్రం దక్కలేదు. "ఇంకో కన్నుకి బేగి ఆపరేషను చేయిస్తే ఆ చూపు నిలుస్తాది" అని మేడం చెబితే దొమ్ము తల గోడకేసి కొట్టుకున్నాడు. "నీ తల పగలగొట్టుకుంటే ఏటొస్తాది? తప్పు నీది కాదు, మైకుది" అని అతణ్ణి గట్టిగా పట్టుకున్నారు మేడం. తిరుగు దారిలో ఘాటీ ఎక్కి చలిగాలి తగిలాక, "రేపు డుంబ్రిగుడ సంత కదూ. పోదాం" అన్నారు.

మర్నాడు సంతలో రమణబాబు బల్ల ముందు జనం గుమిగూడి ఉన్నారు. మేడం గొడుగు మడిచి, వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి, బల్ల పక్కన నిలబడ్డారు. మైకు అడగలేదు. ఆమెకు మైకు అక్కర్లేదు. సుక్రి పేరూ ఊరూ చెప్పి, ఈ గోళీని నమ్ముకుని ఆపరేషను మానేసిందని, కన్ను పోయిందని చెప్పారు. రమణబాబు ముఖం ఎర్రబడింది. అతను కూడా సాలూరు వైపు వాడే, మేడం సంగతులు ఎవరి దగ్గరో విని ఉన్నాడు.

"అమ్మగారూ, మీరు పెద్దోళ్ళు. కానీ ఒక మాట. సాలూరు మందుల షాపులో ఇలాంటి గోళీలే మీరు నెలనెలా కొంటన్నారు. అవునా, కాదా? ఉంటే ఆ బేగులోనే ఉంటాయి. మీరు మింగొచ్చు, ఈ జనం మింగకూడదా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అన్నం తిన్నాక ఆమె రోజూ ఏదో గోళీ వేసుకోవడం నేనూ చూశాను, బలానికి అనుకున్నాను. లేదని ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. బ్యాగు వెతికే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. మేడం బ్యాగు తెరిచి, సీసా తీసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు.

"అవును, మింగుతున్నాను. ఎందుకు మింగుతున్నానో వినండి. ఒలే గుంటా, ఇటొచ్చి నా ఎదురుగా నిలబడు." వెళ్ళి నిలబడ్డాను. "ఇదిగో, దీని జడ కనబడతంది. చెవులు కనబడతన్నాయి. భుజం మీద కొంగు కనబడతంది. ముఖం ఉండాల్సిన కాడ పొగ. గీత గీస్తే నాకు వంకరగా కనబడతాది. వయసుతో వొచ్చే జబ్బు, కంటి వెనకాల పొర నడుమ పాడైపోతాది. నాది శుక్లం కాదు. శుక్లమైతే ఎప్పుడో కోయించుకుని, మీకంటే బాగా చూసేదాన్ని. దీనికి ఆపరేషను లేదు. ఒక కంటికి ముదిరిపోయింది. రెండోది బేగి ముదరకుండా ఈ గోళీ కొంత ఆపుతాదేమో అని డాక్టరు రాశాడు, వేసుకుంటన్నాను. పోయింది తెస్తాదని ఆయనా సెప్పలేదు. జబ్బే లేనోళ్ళకి రాకుండా ఆపుతాదని ఎవలూ రుజువు సెయ్యలేదు. నేను చుట్ట కాల్చను, అయినా నా సీసాలో బీటా కెరోటిన్ లేదు. ఈ బాబు సీసాలో ఉంది. మీరంతా పొగ తాగుతారు. ఇంక మీ ఇష్టం."

నా ఎదురుగా ఉన్న ఆ కళ్ళను నేను అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. అవి నన్ను కాదు, నా చెవి పక్కన ఎక్కడో చూస్తున్నాయి. కొన్నాళ్ళుగా ఆమె స్లిట్ ల్యాంపు ముందు కూర్చోకుండా, "నువ్వు సూడు, నేను మాటాడతాను" అని ప్రతి పరీక్షా నా చేత చేయించడం, అనుమానం ఉన్న కేసులన్నీ డాక్టరుకు ఫోటోలు పంపించమనడం, చీటీలు నా చేత చదివించడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఏడుపు వచ్చింది. ముఖం కనబడదు కనుక నా కన్నీళ్ళు ఆమెకు తెలియవనుకున్నాను. "ముక్కు ఎగబీల్చకు, జనం సూస్తన్నారు" అన్నారు మెల్లగా.

రమణబాబు సీసాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. "నేను మోసగాణ్ణి కాదమ్మగారూ. మా అమ్మకీ ఇవే ఇస్తన్నాను" అన్నాడు గొంతు తగ్గించి. "అయితే మీ అమ్మని తీసుకురా, పరీక్ష చేయిస్తాను" అన్నారు మేడం. అతను తీసుకురాలేదు. పై వారం ఇంకో సంతలో అతని స్పీకరు మోగిందని విన్నాం. కానీ డుంబ్రిగుడ సంతకు మళ్ళీ రాలేదు.

ఆ సంగతి విశాఖ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మేనేజరు వచ్చి, కళ్ళు కనబడని మనిషి కంటి కేంద్రం నడపడం ట్రస్టుకు పరువు తక్కువని, గౌరవంగా తప్పుకొమ్మని అన్నాడు. "తప్పుకుంటాను. నా కళ్ళతో పరీక్షలు సెయ్యకూడదని మీకంటే ముందు నాకే తెలుసు, అందుకే మానీసి ఈ అమ్మాయికి పని నేర్పాను. కానీ పరువు మాట ఎత్తకండి. జబ్బు వొస్తే పరువు పోతాదని కంటాసుపత్రోళ్ళే అంటే, ఆ బల్లల మీద కూర్చున్నోళ్ళు ఎక్కడికి పోవాలి?" అన్నారు మేడం. ఆ రోజే తాళాలు నా చేతికిచ్చి బయటికి నడిచారు.

నడిచి, ఎంతో దూరం వెళ్ళలేదు. తర్వాతి సంత రోజు పొద్దున్నే కేంద్రం గేటు బయట ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆపరేషనంటే భయపడే ముసలివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవారు. ఏం తినాలని అడిగితే, "మునగాకు, పొన్నగంటి, కొండ మీద మీరు పండించే కూరలన్నీ సంతలో అమ్మీకుండా కొంచెం ఇంటికి ఒగ్గండి. చుట్ట మానండి. ఏడాదికోసారి కన్ను సూపించుకోండి" అనేవారు. ట్రస్టు వాళ్ళు ఫోను చేసి ఆమెను అక్కడ కూర్చోవద్దని చెప్పమన్నారు. నేను ఆ మాట చేరవేస్తే ఆమె స్టూలు ఒక జానెడు ముందుకు జరుపుకుని, "ఇది పంచాయతీ రోడ్డు. ఇక్కడ్నుంచి లేపమని పంచాయతీని అడగమను" అన్నారు. ఎవరూ లేపలేదు.

సుక్రి ఎడమకంటికి ఆపరేషను అయింది ఆ రోజుల్లోనే. కొండెక్కి వచ్చిన బస్సు దిగి, దొమ్ము చేయి వదిలించుకుని, తానే నడిచి స్టూలు దగ్గరికి వచ్చింది. మేడం ముఖంలోకి వంగి తేరిపార చూసి, "ఓలమ్మో! గొంతు విని వయసులో ఉన్నదానివనుకున్నాను. నాకంటే ముసల్దానివి!" అంది. రోడ్డు మీద అంత గట్టిగా మేడం నవ్వడం నేనెప్పుడూ వినలేదు. "పోన్లే, నీకు నేను కనబడ్డాను. నువ్వెలాగుంటావో నాకు నువ్వే సెప్పు" అన్నారు. సుక్రి ఆమె చేయి తీసుకుని తన ముక్కు మీద, ముక్కుపుడకల మీద, ముడతల మీద పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి సంతకూ ఆ ఇద్దరూ గేటు దగ్గరే. మేడం చెప్పేవారు, సుక్రి తన కన్ను చూపించేది. ఆ ఏడాది చివరికి బస్సులో జనం నిలబడి వెళ్ళారు.

మేడం చూపు ఆగలేదు. రెండో కన్నులో కూడా పొగ నెమ్మదిగా పరుచుకుంది. కళ్ళ వల్ల కాదు, గుండె ఆగి, నిద్రలో పోయారు. సాలూరు చర్చిలో ఆమె పెట్టె చుట్టూ కూర్చున్న వాళ్ళలో కొండ దిగి వచ్చిన వాళ్ళే ఎక్కువ. అంతకు కొన్ని నెలల ముందు ఒకసారి అడిగాను. "ఆ గోళీలు మీకు పనిచేశాయంటారా మేడం?" ఆమె ముఖం పక్కకు తిప్పి, కంటి అంచుతో నన్ను వెతికి పట్టుకుని, "తెలీదు. వేసుకోకుండా ఉంటే ఎలాగుండేదో సూడ్డానికి రెండో సువార్త లేదు కదా" అన్నారు. విసుగు లేదు, బాధా లేదు. తెలియని దాన్ని తెలియదని చెప్పడానికి ఆమె ఎప్పుడూ గొంతు తగ్గించలేదు. నేను చదివిన కోర్సులో ఆ పాఠం లేదు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఆమె జబ్బు ఉన్నవాళ్ళూ ఉన్నారు. డాక్టరు ఆ గోళీ రాస్తే, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో వాళ్ళ భాషలో చెప్పాకే చీటీ చేతికిస్తాను.

మొన్న మందుల బస్సులో అట్టపెట్టెలు వచ్చాయి. కొత్త పేరు, కొత్త రంగు, లోపల అవే సీసాలు. అరవై దాటిన వాళ్ళందరికీ ఇమ్మని పైనుంచి ఆదేశం. డ్రైవరును పెట్టెలు దించవద్దన్నాను. అతను ఫోను కలిపి నా చేతికిచ్చాడు. అవతల కొత్త మేనేజరు, "ఇది అందరికీ వర్తించే నిర్ణయమమ్మా, మీ ఒక్కరికే మినహాయింపు ఉండదు" అంటున్నాడు. వరండాలో వాళ్ళకు వినబడేలా, గొంతు పెంచి, ఎవరికి ఇవ్వాలో డాక్టరు రాస్తే వాళ్ళకు తెప్పిస్తానని, అందరికీ మాత్రం ఇవ్వనని చెప్పాను. ఉద్యోగం సంగతి ఆలోచించుకొమ్మన్నాడు. ఆలోచించుకున్నానని చెప్పాను. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి, తర్వాతి పేరు పిలిచాను.